ముందు ఒక్క గడి పట్టుకోండి: డిజైన్, పబ్లిక్ పాలసీ, డిజిటల్ భవిష్యత్తు మీద రిసెర్చ్ ఎంతవరకు వచ్చింది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పీహెచ్‌డీలో చేరి ఏడాది కావస్తోంది, టాపిక్ పేరులో డిజైన్, పబ్లిక్ పాలసీ, డిజిటల్ భవిష్యత్తు మూడూ ఉన్నాయి, మీ గైడ్ ఏమో ఎప్పుడు కలిసినా "స్కోప్ తగ్గించు" అంటున్నారు, మూడు నెలల్లో ప్రోగ్రెస్ రివ్యూ. ఈ రంగంలో ఇప్పటిదాకా నిజంగా తేలిందేమిటి, ఇంకా ఖాళీ ఎక్కడుంది, కోడింగ్ రాకపోతే నెట్టుకురాగలనా అని అడిగారు.

నేను పద్నాలుగేళ్లుగా ప్రభుత్వ సేవలకు సర్వీస్ డిజైన్ చేస్తున్నాను, మధ్యలో కొన్నాళ్లు యూనివర్సిటీలో ఉన్నాను, ఇలాంటి రివ్యూల్లో బల్లకు అటూ కూర్చున్నాను, ఇటూ కూర్చున్నాను. మీ గైడ్ చెప్పిందే కరెక్టు. కాకపోతే స్కోప్ తగ్గించడమంటే మూడింట్లో ఒకటి తీసేయడం అనుకుని కంగారు పడకండి. మూడూ వచ్చి ఒకదానికొకటి తగులుకునే చిన్న జాగా ఒకటి ఉంటుంది, దాన్ని పట్టుకోండి చాలు. నా అనుభవంలో ఆ జాగా చాలాసార్లు ఒక దరఖాస్తు ఫారంలోని ఒక్క గడి.

ఎందుకంటున్నానో చెబుతా. కొన్నేళ్ల కిందట ఒక ఆఫీసులో, పేరు వద్దులెండి, సాయం కోసం పెట్టుకునే దరఖాస్తును ఆన్‌లైన్‌కు మార్చే టీమ్‌లో ఉన్నాను. కాగితం మీద పదకొండు పేజీలుండేది. మేం ఆరు స్క్రీన్లకు కుదించాం, భాష సులువు చేశాం, ఫోన్‌లో చక్కగా కనిపించేలా చేశాం, మా భుజాలు మేమే తట్టుకున్నాం. నాలుగో నెలలో లెక్కలు తీస్తే సగంలో వదిలేసి పోతున్నవాళ్లలో ఎక్కువమంది ఒకే చోట ఆగుతున్నారు: "మీ ఇంట్లో ఎంతమంది ఉంటున్నారు?" ఇంత తేలిక ప్రశ్న దగ్గర జనం ఎందుకు ఆగుతారో మాకు అంతుబట్టలేదు. బటన్ రంగు మార్చి చూశాం (నవ్వకండి, నిజంగానే మార్చాం). చివరికి మాలో ఒకమ్మాయి పాత కాగితం ఫారాల కట్టలు తీయించింది. ఆ గడి పక్కన మార్జిన్‌లో, కౌంటర్‌లో కూర్చునే గుమస్తాలు పెన్సిల్‌తో రాసుకున్న మాటలు కనిపించాయి. "భర్తదీ అదే అడ్రసు, ఖర్చులు వేరు." "కొడుకు హాస్టల్లో, సెలవులకే వస్తాడు." "పై గదిలో అద్దెకున్నవాళ్లు, లెక్కలోకి రారు."

నిబంధనల్లో "కుటుంబం" అనే మాటకు ఉన్న నిర్వచనం రెండు లైన్లు. ఆ రెండు లైన్లకూ మనుషులు నిజంగా బతికే తీరుకూ మధ్య ఉన్న ఎడాన్ని ఏళ్ల తరబడి పూడుస్తూ వచ్చింది ఆ పెన్సిల్. మేం కట్టిన ఫారానికి మార్జినే లేదు. అంకె వేస్తే ముందుకు పోతుంది, వేయకపోతే కింద ఎర్రగా గీత పడుతుంది, అంతే.

ఈ రంగంలో ఇప్పటిదాకా వచ్చిన రిసెర్చ్‌లో నాకు గట్టిగా నిలబడిందనిపించే భాగం ఈ మార్జిన్ చుట్టూ తిరిగిందే. 1980లోనే మైకేల్ లిప్‌స్కీ అనే అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త ఒక మాట తేల్చాడు: పాలసీ అంటే చట్టసభలో రాసిన కాగితం ఒక్కటే కాదు, టీచరు, పోలీసు, కౌంటర్ గుమస్తా రోజూ తీసుకునే చిన్న నిర్ణయాలన్నీ కలిపితే జనానికి తగిలే పాలసీ అదే. 2002లో నెదర్లాండ్స్‌కు చెందిన పరిశోధకులు బోవెన్స్, జూరిడిస్ దాన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లారు. ఆ విచక్షణ గుమస్తా చేతి నుంచి మొదట స్క్రీన్‌కు, తర్వాత పూర్తిగా సిస్టమ్‌కు పోతోందని, ఇక నిర్ణయాలు తీసుకునేది ఆ సిస్టమ్‌ను డిజైన్ చేసేవాళ్లేనని రాశారు. డిజైన్, పాలసీ, డిజిటల్ మూడూ ఒకే వాక్యంలోకి వచ్చింది అక్కడే అని నా లెక్క. ఆ పేపర్ మీరు చదవకపోతే ఇవాళే చదవండి.

పెన్సిల్ తీసేస్తే ఏమవుతుందో ఆస్ట్రేలియాలో పెద్ద ఎత్తున బయటపడింది. రోబోడెట్ అని మీరు వినే ఉంటారు, సాయం ఎక్కువ తీసుకున్నారంటూ జనానికి కంప్యూటరే బాకీ నోటీసులు పంపిన పథకం, కానీ అందులోని లెక్కను ఒకసారి కాగితం మీద వేసి చూడమంటాను, ఎందుకంటే చాలామంది "ఏఐ తప్పు చేసింది" అనేసి వదిలేస్తారు. అందులో ఏఐ లేదు, ఉన్నది భాగహారం. ఒకావిడ ఏడాదిలో మొదటి సగం ఉద్యోగం లేక ప్రభుత్వ సాయం తీసుకుంది, రెండో సగం పనిచేసి 26,000 డాలర్లు సంపాదించింది అనుకోండి. అక్కడ సాయం లెక్క పక్షానికోసారి, అంటే రెండు వారాలకోసారి వేస్తారు. అంటే ఆమెది నిజంగా మొదటి 13 పక్షాలు సున్నా, తర్వాతి 13 పక్షాలు ఒక్కోటి 2,000. సిస్టమ్ ఏం చేసిందంటే టాక్స్ ఆఫీసు దగ్గరున్న ఏడాది మొత్తం 26,000ను 26తో భాగించి, పక్షానికి 1,000 చొప్పున ఏడాది పొడవునా సంపాదించినట్టు లెక్కగట్టింది. అలా చూస్తే ఉద్యోగం లేని రోజుల్లో తీసుకున్న సాయం అక్రమమవుతుంది కదా. వెంటనే బాకీ నోటీసు. కాదని నిరూపించుకోవాలంటే ఎప్పుడో కొన్నేళ్ల కిందటి పే స్లిప్పులు ఆమే వెతికి తేవాలి. అంతకుముందు కూడా రెండు లెక్కలూ పోల్చేవాళ్లు, కానీ తేడా కనిపిస్తే ఒక ఉద్యోగి కూర్చుని యజమానికి ఫోన్ చేసి కనుక్కునేవాడు. 2016లో పూర్తిస్థాయిలో ఆటోమేట్ చేసినప్పుడు ఆ ఫోన్‌కాల్ పోయింది. నాలుగు లక్షల మందికి పైగా దెబ్బతిన్నారు, 2019 చివరికి ఆ పద్ధతికి చట్టబలం లేదని ప్రభుత్వమే కోర్టులో ఒప్పుకోవాల్సి వచ్చింది, మాఫీలూ రీఫండ్లూ పరిహారం కలిపి 180 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్ అయింది, 2023 జులైలో దీనిమీద వేసిన రాయల్ కమిషన్ (ప్రభుత్వం నియమించే ఉన్నతస్థాయి విచారణ సంఘం) రిపోర్టు వచ్చింది. ఆ రిపోర్టు లావు చూసి భయపడకండి, ఉద్యోగుల సాక్ష్యాలున్న భాగాలు చదవండి, "ఇది తప్పు" అని లోపల చెప్పినవాళ్లు ఉన్నారు, ఆ మాట పైకి పోయే దారే లేకుండా పోయింది. అదీ డిజైన్ సమస్యే, స్క్రీన్ మీద కనిపించదు అంతే.

నెదర్లాండ్స్ పిల్లల సంరక్షణ భత్యం వ్యవహారం కూడా దీనికి దగ్గరి చుట్టమే. ఒక సంతకం లేదనో చిన్న తేడా ఉందనో మొత్తం సొమ్ము వెనక్కి కట్టమన్నారు, వేల కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోయాయి, 2021 జనవరిలో కేబినెట్ రాజీనామా చేసింది. అక్కడ అనుమానితులను ఏరే మోడల్లో పౌరసత్వం కూడా ఒక అంశంగా వాడారు. దాని మీద ఇప్పటికే బోలెడంతమంది రాశారు కాబట్టి మీరు మళ్లీ అక్కడికే పోవద్దు.

ఇక లెక్కల్లో తేలిందేమిటి. పామెలా హెర్డ్, డోనాల్డ్ మోయ్నిహాన్ అనే పరిశోధకులు ఇద్దరూ "పాలనాభారం" అన్నదాన్ని మూడు ముక్కలుగా విడదీశారు: ఈ పథకం ఒకటుందని, తనకు వర్తిస్తుందని తెలుసుకోవడానికి పడే శ్రమ, కాగితాలూ క్యూలూ గడువుల శ్రమ, చివరిది ఆ మొత్తంలో మనిషి పడే టెన్షన్, చిన్నబోవడం. మొదటి రెండూ కొలవడం వచ్చింది. మూడోదాన్ని కొలిచే పని ఇంకా పచ్చిగానే ఉంది, అక్కడ మీకు చోటుంది.

సమాచారం ఇస్తే చాలు జనం వాళ్లే చూసుకుంటారు అనే నమ్మకాన్ని దెబ్బతీసిన ప్రయోగం ఒకటి తప్పకుండా చెప్పుకోవాలి. అమెరికాలో కాలేజీ ఆర్థికసాయం ఫారం మీద ఎరిక్ బెటింజర్, మరో ముగ్గురు కలిసి చేసినది, 2012లో అచ్చయింది. పన్ను రిటర్నులు నింపించుకోవడానికి వచ్చిన తక్కువ ఆదాయ కుటుంబాల్లో కొందరికి అక్కడే, అదే కుర్చీలో, ఆర్థికసాయం ఫారం కూడా నింపిపెట్టారు. కొందరికి మీకు ఇంత సాయం వస్తుందని వివరాలు మాత్రం చెప్పి పంపారు. ఫారం నింపిపెట్టినవాళ్ల పిల్లల్లో రెండేళ్ల కాలేజీ పూర్తిచేసినవాళ్లు 28 నుంచి 36 శాతానికి పెరిగారు. వివరాలు చెప్పి పంపినవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. మనవాళ్లలో ఎంతమంది ఇప్పటికీ "అవేర్‌నెస్ పెంచాలి" అని సిఫార్సు రాసి రిపోర్టు ముగిస్తారో తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో లెక్క మీ రివ్యూలో పనికొస్తుంది, ముఖ్యంగా ఎవరైనా "నడ్జ్ చేస్తే పోలా" అంటే. నడ్జ్ అంటే బలవంతం లేకుండా, ఉత్తరంలో మాట మార్చడం లాంటి చిన్న మార్పుతో జనాన్ని ఒకవైపు మళ్లించడం. డెల్లావిన్యా, లైనోస్ 2022లో అచ్చువేసిన పేపర్లో, జర్నల్స్‌లో వచ్చిన నడ్జ్ ప్రయోగాల సగటు ప్రభావం 8.7 పర్సంటేజీ పాయింట్లు, అమెరికాలోని రెండు పెద్ద నడ్జ్ యూనిట్లు చేసిన 126 ప్రయోగాలన్నీ కలిపి చూస్తే 1.4. తేడాకు పెద్ద కారణం, బాగా పనిచేసినవే జర్నల్ దాకా వస్తాయి, పనిచేయనివి సొరుగులో ఉండిపోతాయి. 1.4 కూడా తక్కువేం కాదు, ఖర్చు దాదాపు లేకుండా వచ్చింది. కానీ ఉత్తరంలో ఒక వాక్యం మార్చి వ్యవస్థను బాగుచేశామని చెప్పుకునే రోజులు పోయాయి. ప్రభుత్వాలు కొత్త ఆలోచనలను పరీక్షించడానికి పెట్టుకునే డిజైన్ ల్యాబుల దగ్గర ఇలాంటి సొరుగు లెక్క అసలు లేదు. వాళ్లు ప్రచురించేవన్నీ గెలుపు కథలే.

ల్యాబుల సంగతి వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. డెన్మార్క్‌లో మైండ్‌ల్యాబ్ 2002లో మొదలై ప్రపంచమంతా తిరిగి చూసిపోయే చోటైంది, 2018లో మూసేశారు. ఫిన్లాండ్‌లో హెల్సింకీ డిజైన్ ల్యాబ్ 2013లోనే ముగిసింది. బ్రిటన్‌లో 2011లో పెట్టిన గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్ మాత్రం నిలబడింది, 2012లో వందలాది వెబ్‌సైట్లను ఒకే చోటికి తేవడం మొదలుపెట్టింది, మరుసటి ఏడాది ఆ సైట్‌కు డిజైన్ అవార్డు కూడా వచ్చింది. తేడా ఏమిటని నన్నడిగితే, బ్రిటన్ వాళ్ల చేతిలో ఖర్చుకు అడ్డుచెప్పే అధికారం ఉంది, తమ ప్రమాణాలకు సరిపోని సర్వీసును ఆపగలిగారు. ల్యాబుల చేతిలో స్టిక్కీ నోట్లున్నాయి. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో నా స్నేహితులూ ఉన్నారు.

స్క్రీన్ మీది చిన్న మార్పు చట్టాన్ని ఎలా గాలిలో కలుపుతుందో చూడాలంటే కుకీ బ్యానర్ల మీద (సైట్ తెరవగానే మీ వివరాలు వాడుకోవచ్చా అని అడిగే పెట్టెలు) 2020లో నౌవెన్స్ బృందం చేసిన పని చూడండి. యూరప్ డేటా రక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లోకి వచ్చింది, ఒప్పుకోలు స్వేచ్ఛగా ఇవ్వాలంది. వీళ్లు బ్రిటన్‌లో ఎక్కువమంది చూసే సైట్లలోని బ్యానర్లను పరిశీలిస్తే, చట్టం ప్రకారం ఉండాల్సిన కనీసపు షరతులకు సరిపోయినవి 11.8 శాతం. తర్వాత వాళ్లే ప్రయోగం చేశారు: "వద్దు" అనే బటన్‌ను మొదటి పేజీలోంచి తీసేస్తే ఒప్పుకునేవాళ్లు 22 నుంచి 23 పర్సంటేజీ పాయింట్లు పెరిగారు. ఒక్క బటన్ ఒక్క పేజీ వెనక్కి జరిగింది, అంతే, చట్టంలో అక్షరం మారలేదు. ఆ తర్వాత యూరప్ డిజిటల్ సర్వీసెస్ చట్టం 25వ ఆర్టికల్లో, వాడేవాళ్లను మోసగించేలా ఇంటర్‌ఫేస్ తయారుచేయకూడదని ప్లాట్‌ఫామ్‌లకు నేరుగా రాశారు. చట్టం పుస్తకంలోకి ఇంటర్‌ఫేస్ అనే మాట ఎక్కింది. డిజైన్ చదివినవాళ్లు ఇది పెద్ద మలుపుగా చూడాలి, ఎందుకో మనవాళ్లు అంతగా పట్టించుకోలేదు.

ఇప్పుడు మీ టాపిక్‌లోని మూడోది, భవిష్యత్తు. నిజం చెబితే మీరు పంపిన సారాంశంలో నాకు నచ్చని భాగం ఇదే. 2050లో పౌరుడు ఎలా ఉంటాడు అని వీడియోలు తీసి, వర్క్‌షాప్ పెట్టి, వచ్చినవాళ్లు ఏమనుకున్నారో రాస్తానంటున్నారు. అది నేల విడిచి సాము. స్పెక్యులేటివ్ డిజైన్, అంటే ఇలా ఊహించిన భవిష్యత్తును బొమ్మ కట్టి చర్చకు పెట్టడం, అంతా దండగ అనడం లేదు, కానీ దానివల్ల ఒక నిర్ణయం మారిందని చూపించిన పరిశోధన వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రివ్యూలో మొదటి ప్రశ్న అదే పడుతుంది. నేనున్నా అదే అడుగుతాను.

భవిష్యత్తును నేలమీద నిలబెట్టిన పని ఒకటి చెబుతాను, అది 1981 నాటిది. స్కాండినేవియాలో పత్రికల ప్రెస్సు కార్మికుల యూనియన్లు పరిశోధకులతో కలిసి యుటోపియా అనే ప్రాజెక్టు చేశాయి. కంప్యూటర్లొచ్చి తమ పని ఊడగొడతాయని అందరూ భయపడుతున్న కాలం. వాళ్లు ఒక ఖాళీ అట్టపెట్టె తీసుకుని, దానిమీద డెస్క్‌టాప్ లేజర్ ప్రింటర్ అని రాసి బల్లమీద పెట్టారు. అప్పటికి అలాంటిది బయట దొరకదు. ఆ అట్టపెట్టె నిజంగా ఉన్నట్టే పేజీ కట్టే పని చేసి చూపించమని కార్మికులను అడిగితే, ఏ మెళకువ తమ చేతిలో ఉండాలో ఏది మెషీన్‌కు వదలొచ్చో వాళ్లే చెప్పారు. నటించింది ఎవరో కాదు, రేపు ఆ మెషీన్ ముందు కూర్చోవాల్సినవాళ్లు. మీరు వీడియోలకు పెట్టాలనుకున్న డబ్బుతో అట్టపెట్టెలు కొనండి, కౌంటర్‌లో పనిచేసేవాళ్లను పిలవండి.

పాలసీ వైపు నుంచి కూడా భవిష్యత్తును సంస్థగా మార్చిన ఉదాహరణలున్నాయి, ఫిన్లాండ్ పార్లమెంటులో 1993 నుంచి భవిష్యత్ కమిటీ ఉంది, వేల్స్ 2015లో రాబోయే తరాల శ్రేయస్సుకు చట్టమే చేసి ఒక కమిషనర్‌ను పెట్టింది. వీటి ప్రభావం మీద రాసేవాళ్లు చాలామంది రాజనీతి శాస్త్రం వాళ్లు, మీరు ఒక పేరాలో చెప్పి దాటేయండి.

భవిష్యత్తును వెనక్కి తిరిగి కూడా చూడొచ్చు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వల్ల నిరుద్యోగ భృతి దరఖాస్తులు ఒక్కసారిగా వచ్చిపడితే, న్యూజెర్సీ గవర్నర్ ప్రెస్‌మీట్‌లో కోబాల్ అనే పాతకాలపు ప్రోగ్రామింగ్ భాష తెలిసిన వాలంటీర్లు కావాలని అడగాల్సి వచ్చింది. ఎప్పుడో దశాబ్దాల కిందట ఎవరో రాసిన ప్రోగ్రామే ఆ రాష్ట్రానికి 2020లో వచ్చిన "డిజిటల్ భవిష్యత్తు". ఇవాళ మనం పెట్టే గడి కూడా అంతే, ఇంకో ముప్పై ఏళ్లు ఎవరి మెడకో తగులుకుని ఉంటుంది. ఈ కోణంలో, అంటే పాత ఫారాలూ పాత కోడూ తవ్వి ఒక గడి జీవితచరిత్ర రాయడంలో, పని చాలా తక్కువ జరిగింది. మీరు ఖాళీ ఎక్కడని అడిగారు కదా, నా ఓటు దీనికే.

దీని పక్కనే రెండో ఖాళీ ఉంది: నిబంధనలను మొదటి నుంచే కోడ్‌గా కూడా రాయడం. పన్నుల, సాయాల నిబంధనలను కోడ్‌గా రాసే, ఫ్రాన్స్‌లో 2011లో మొదలైన ఓపెన్‌ఫిస్కా, న్యూజిలాండ్‌లో 2018లో చేసిన బెటర్ రూల్స్ ప్రయోగం చూడండి. లాయరు, పాలసీ రాసేవాడు, ప్రోగ్రామరు ఒకే గదిలో కూర్చుంటే "కుటుంబం" అనే మాటలోని గందరగోళం చట్టం కాకముందే బయటపడుతుందని వాళ్ల ఆశ. నిజమే, పడుతుంది. అయితే కోడ్‌లో ఇమడని దాన్ని ఏం చేయాలి, దానికి మార్జిన్ ఎక్కడ వదలాలి అన్న ప్రశ్నకు డిజైన్ వైపు నుంచి సరైన జవాబు రాలేదు. ఇప్పుడు చాట్‌బాట్లు వచ్చి ఇంకో చిక్కు తెచ్చాయి. న్యూయార్క్ నగరం 2023లో వ్యాపారుల కోసం పెట్టిన బాట్‌ను 2024 మార్చిలో జర్నలిస్టులు పరీక్షిస్తే, చట్టవిరుద్ధమైన పనులు చేయొచ్చని ధీమాగా చెప్పింది. గుమస్తా పెన్సిల్‌తో రాస్తే కనీసం కాగితం మీద ఆనవాలు ఉండేది.

రివ్యూకి ఏం పట్టుకెళ్లాలి. ఒక సర్వీసు, అందులో ఒక నిర్ణయం, ఆ నిర్ణయానికి ఆధారమైన ఒక గడి. దాని మీద నిబంధన ఏమంటోంది, స్క్రీన్ ఏం అడుగుతోంది, లోపల ఉద్యోగి ఏం చేస్తున్నాడు, ఈ మూడూ పక్కపక్కన పెట్టిన ఒక పేజీ. ఆ గడి ఎప్పుడు పుట్టింది, ఎన్నిసార్లు మారింది అన్నది ఇంకో పేజీ. నలభై స్లైడ్ల లిటరేచర్ రివ్యూ కంటే ఈ రెండు పేజీలు చూసి కమిటీ ఎక్కువ ప్రశ్నలడుగుతుంది, మీకు కావాల్సింది అదే. డిజైన్ చేస్తూ చేసిన పరిశోధన కూడా పరిశోధనే అని వాదించాల్సి వస్తే క్రిస్టఫర్ ఫ్రేలింగ్ 1993లో చేసిన విభజన (డిజైన్ గురించి, డిజైన్ ద్వారా, డిజైన్ కోసం చేసే పరిశోధన) ఉంది, వాడుకోండి, కానీ దాని వెనక దాక్కోకండి. ప్రోటోటైప్ చేశాను అంటే సరిపోదు, దేని మీద సందేహంతో చేశారు, ఏది తప్పని తేలింది అన్నది తేదీలతో రాసుకున్న నోట్‌బుక్ ఉండాలి. ఫెయిలైనవి కూడా అందులో పెట్టండి.

కోడింగ్ రాయడం రాకపోయినా పర్లేదు, చదవడం కొంచెం నేర్చుకోండి. కొన్ని ప్రభుత్వాలు తమ సర్వీసుల కోడ్‌ను గిట్‌హబ్ అనే కోడ్ దాచుకునే సైట్‌లో బహిరంగంగా పెట్టాయి. అందులో ఒక గడికి సంబంధించిన మార్పులన్నీ తేదీలతో, ఎందుకు మార్చారో ఒక లైను వివరణతో సహా దొరుకుతాయి. ఒక వారం కూర్చుంటే అర్థమవుతుంది. కాగితం రోజులవైతే ఆర్కైవులో అడగాలి, ఆర్‌టీఐ లాంటి సమాచార హక్కు చట్టం ఉన్నచోట దాని ద్వారా పాత ఖాళీ ఫారాలు అడిగితే ఇవ్వడానికి పెద్దగా అభ్యంతరం ఉండదు. నింపిన ఫారాలు చూసే అవకాశం వస్తే మాత్రం ఫోటోలు తీయకండి, మార్జిన్‌లో ఉన్నది చేత్తో రాసుకోండి, పేర్లూ అడ్రసులూ వదిలేసి. ఎథిక్స్ కమిటీ అడిగే మొదటి ప్రశ్న అదే, మా టీమ్ కట్టలు విప్పిన రోజున ఆ సంగతి ఎవరికీ తట్టలేదు, తర్వాత మూడు వారాలు సంజాయిషీ రాస్తూ కూర్చున్నాం.